వేలికి మసి అంటని ఇల్లు

ఏం బావా, ఎక్కడిదాకా వచ్చావు? బండి వెనక సీట్లో ఇల్లు కొనేవాణ్ణి కూర్చోబెట్టుకుని, హెల్మెట్టు తలకి కాకుండా మోచేతికి తగిలించుకుని, కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనకాల ఇరుక్కుని హారన్ కొడుతూ ఉంటావు. కొట్టు. నువ్వు కొడితే లారీ ఎగిరిపోతుందా. నాగబాబు బావా, నా పెళ్ళానికి అన్నవి కాబట్టి పైకి అనను గాని, ఈ ఊళ్ళో నిన్ను బోల్తా కొట్టించినంత తేలిగ్గా ఇంకెవరినీ కొట్టించలేదు నేను. ఓడలో వంటవాడిచ్చిన ఫారిన్ మిఠాయి అని సబ్బుముక్క చేతిలో పెడితే కొరికావు. కొరికి, నురగ కక్కుతూ, తీపి కొంచెం తక్కువైందన్నావు. అలాంటి నీ చేతికి ఈ పని అప్పగించాను, నాది గుండె అనుకో. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్కటే, ఆ గోపీని నేరుగా నా గుమ్మంలోకి తీసుకురావాలి. దారిలో టీ కొట్టు దగ్గర ఆపకూడదు. ఆపావా, కొట్టువాడు బల్ల తుడుస్తాడు, ఆ గుడ్డ నల్లగా ఉంటుంది, ఇదేంటని అతను అడుగుతాడు, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పేస్తావు. నీ నోట్లో అబద్ధమూ, మూత లేని గంపలో పీతా ఒకటే, రెండూ లోపల ఉండవు.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్చీ తెల్లది. నిన్న మీ ఇంటి నుంచి తెచ్చిందే, మర్చిపోయావా. మా వీధిలో తెల్ల కుర్చీ ఎవరింట్లోనూ ఉండదు. తెల్ల కర్టెను ఉండదు, తెల్ల దుప్పటి ఉండదు, తెల్ల పిల్లి ఒకటి ఎక్కడి నుంచో వచ్చింది గాని వారం తిరిగేసరికి అది కూడా మాలాగే అయిపోయింది. రేవు గోడకి అవతల బొగ్గు గుట్టలు, ఇవతల మేము, మధ్యలో గాలి. గాలికి గోడంటే లెక్కేముంది. పొద్దున్న కడిగిన గచ్చు మీద మధ్యాహ్నం నడిస్తే పాదాల గుర్తులు పడతాయి, ఎవరు ఎటు తిరిగారో చూసుకోవచ్చు. నేను రాత్రి వంటింట్లోకి పోయి మాగాయ తిన్నానో లేదో మహేశ్వరి నా నోరు వాసన చూడక్కర్లేదు, నేల చూస్తే చాలు. మా వాళ్ళు చీపురు పట్టరు. చీపురు పడితే పొడి లేస్తుంది, లేచింది మళ్ళీ అక్కడే దిగుతుంది. తడిగుడ్డ పరిచి, అరచేత్తో నొక్కి, నాలుగు మూలలూ దగ్గరికి లాగి మూటలాగా ఎత్తాలి. మా అమ్మ నేర్పింది అది. మా అమ్మ డాబా మీద వడియాలు పెట్టేది, అందరూ మానేసినా ఆవిడ మానలేదు, ఎండేసరికి అవి మిరియాలు చల్లినట్టు అయ్యేవి. మిరియాల వడియాలనే చెప్పి చుట్టాలకి పంచేది. ఘాటు బాగుంది పిన్నీ అనేవారు వాళ్ళు. నాకీ బుద్ధులు ఎక్కడివని అడుగుతారు గాని, ఇంకెక్కడివి.

అదే అలవాటు నాకు. కూర్మన్నపాలెంలో పెళ్ళి భోజనానికి వెళితే, మంచినీళ్ళకి ఖాళీ గ్లాసు చేతికివ్వగానే బోర్లించి అడుగున రెండు దెబ్బలు తట్టాను. మా వీధిలో అందరూ తడతారు, అడుగున కూర్చున్న పొడి రాలాలని. వడ్డించేవాడు నా వంక ఎలా చూశాడంటే, వాడి గ్లాసులో నేను తేలుని వెతుకుతున్నానని అనుకున్నాడు. తరవాత ఆ బంతిలో ఉన్నవాళ్ళంతా బోర్లించి తట్టడం మొదలుపెట్టారు, ఇదేదో కొత్త ఆచారం కాబోలని. నేను కాదనలేదు. ఆడపెళ్ళివారి తరఫున అలా తట్టాలి అన్నాను. ఆ ఇంట్లో ఇప్పటికీ తడుతున్నారేమో.

గాలి ఇంకా తిరగలేదు. నైరుతి నుంచే వస్తోంది, అదే చెడ్డ గాలి. మధ్యాహ్నం దాటాక కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు తీసుకురమ్మన్నాను. ఓడలకి మోకులు కట్టిన వాణ్ణి, ఆరో తరగతి పరీక్ష రాయకుండా మోకు పట్టుకున్నవాణ్ణి, నాకు చదువు లేదు గాని గాలి తెలుసు. అంత పెద్ద ఓడని గట్టుకి ఆన్చేటప్పుడు కెప్టెను పైనుంచి అరుస్తాడు, కింద మేం గాలి చూసి మోకు బిగిస్తాం, వదులుతాం. ఇవాళ కట్టాల్సింది ఓడని కాదు, ఒక మనిషిని. గట్టుకి ఆన్చి, మోకు బిగించి, కదలకుండా చెయ్యాలి. శుక్రవారానికల్లా ఈ ఇంటి రిజిస్ట్రేషను అయితే, ఆ డబ్బుతో ఆనందపురం ఇల్లు మాది. కాకపోతే ఆ ఇంటాయన ఇంక ఆగడు, వేరేవాళ్ళు అప్పుడే రెండుసార్లు చూసి వెళ్ళారు.

ఆనందపురం ఇంటికి మూడు మెట్లు. వెనకాల వంకాయ మళ్ళు, పక్కన ఎవరిదో గడ్డివాము, గాలి మామూలు గాలి. చూడ్డానికి వెళ్ళిన రోజు మహేశ్వరి మెట్లెక్కుతూ మాట్లాడింది. ఏం మాట్లాడిందో గుర్తులేదు, తులసికోట ఎక్కడ పెట్టుకోవాలనో ఏదో. ఎక్కుతూ మాట్లాడింది, అది విన్నాను నేను. ఇక్కడ మాట్లాడితే మెట్లెక్కదు, మెట్లెక్కితే మాట్లాడదు. మొదట చలికాలం దగ్గు అనుకున్నాం, తరవాత పోపు ఘాటు అనుకున్నాం, ఆ తరవాత అనుకోవడం మానేశాం. డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో దీపానికి ఎదురుగా పెట్టి చాలాసేపు చూసి, నేను మందు రాస్తాను గాని ముందు ఇల్లు మారండి అంది. నోట్లో పెట్టి పీల్చే మందు రాసింది. అది నొక్కినప్పుడల్లా బుస్సుమంటుంది. పాము వచ్చిందే అని నేను ఎగిరి మంచం ఎక్కేవాణ్ణి, మహేశ్వరి నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది. ఆ వేళాకోళం మానేశాను.

ఇప్పుడు పక్కింట్లో ఉంది, పోతమ్మ దగ్గర. నేనే పంపించాను. వచ్చినవాడికి దగ్గు వినపడకూడదు కదా. వెళ్ళమంటే మందు గొట్టం కొంగున ముడేసుకుని వెళ్ళింది. గోడకి చెవి పెడితే పోతమ్మ గొంతే వినిపిస్తోంది, మహేశ్వరిది వినిపించట్లేదు. పడుకుందేమో.

ఇంతకుముందు ఇద్దరొచ్చారు. మొదటాయన బ్యాంకు మనిషి, వంటింటి కిటికీ గట్టు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగాడు. వేలు చూసుకున్నాడు. భార్యకి చూపించాడు. టీ వద్దండి, ఇప్పుడే తాగొచ్చాం అన్నారు ఇద్దరూ. రెండోవాళ్ళు పిల్లని తెచ్చారు. పెద్దవాళ్ళు డాబా చూస్తుంటే ఆ పిల్ల మా ఫ్రిజ్జు మీద వేలితో తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, చక్కటి రాత. తల్లి చూసి పిల్లని ఎత్తుకుంది. దిగేటప్పుడు కూడా కింద పెట్టలేదు. ఆ పేరు రెండు రోజులుంది ఫ్రిజ్జు మీద, తరవాత పొడి మళ్ళీ కప్పేసింది.

మూడోవాడు నువ్వు చెప్పిన ఈ గోపి. తండ్రి గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో స్థిరపడ్డ మనిషనీ, కుర్రాడు ఏదో వ్యాపారం చేస్తాడనీ, రేవు దగ్గరే కావాలంటున్నాడనీ అన్నావు. అని, నా గుండెలో రాయి వేశావు. మామూలు మనిషి కాదు బావా, సున్నమేసిన గోడని కూడా ఏలెట్టి సూసే రకం అన్నావు. బీరువా మీద, ఫ్యాను రెక్క మీద, తలుపు వెనకాల, ఎక్కడ పడితే అక్కడ వేలు పెడతాడన్నావు. అప్పుడు మహేశ్వరి గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

“ఒద్దులే మావా. అలాటోణ్ణి బోల్తా కొట్టడం నీ వల్ల కాదు.”

నా వల్ల కాదట. రష్యా ఓడ కెప్టెనుకి ఎండు నెత్తళ్ళ చేపలని వేయించి ఇచ్చి ఇది మా దేశపు జీడిపప్పు అని చెప్పిన వాడివల్ల కాదట. ఆయన జేబు నిండా పోసుకున్నాడు. ఆఫీసులో సీతారామాంజనేయులు గారని గోదావరి నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా, బల్ల మీద ఈ నల్లపొడి ఏంటండీ అంటే, సముద్రం కాటుక పెట్టుకుంటుందండి, మిగిలింది విదిలిస్తుంది అన్నాను, ఆయన ఇంటికి ఉత్తరంలో రాశాడు. అలాంటి నా వల్ల కాదట. మహేశ్వరి గింజలు తీసుకుంటూ కూర్చుంది. నేను లుంగీ ఎగ్గట్టాను.

ఎన్ని బకెట్లు మోశానో తెలీదు. ఫ్యాను రెక్కలు విప్పి సబ్బుతో కడిగాను. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ నిమ్మచెక్కతో తోమాను, ఊచ రంగు ఆకుపచ్చ అని అప్పుడు తెలిసింది, నేనే వేయించాను, మర్చిపోయాను. దేవుడి పటాల అద్దాలు తుడిస్తే సింహాచలం అప్పన్న ఇన్నాళ్ళకి మా ఇంట్లో ఎవరున్నారో చూసుకున్నాడు. తలుపు పైగట్టు, మీటరు బాక్సు, గడియారం వెనకాల, బల్బు నెత్తి. వేలు ఎక్కడికి పోతుందో అక్కడికి నేను ముందు పోవాలి, అదే నా లెక్క. దొంగ ఎక్కడెక్కడ చెయ్యి పెడతాడో అలా ఆలోచించాను. మహేశ్వరి పోతమ్మ వాకిట్లో కూర్చుని చూసేది. ఆ మూల మర్చిపోయావు మావా, ఆడు తప్పకుండా సూత్తాడు అనేది. పోయి తుడిచేవాణ్ణి.

వెనక గది ఒక్కటే మిగిలింది. అది నా గది. అందులోకి నేను తప్ప ఎవరూ పోరు, పోవాలన్నా కాలు పెట్టే చోటు లేదు. సర్వీసంతా ఏ ఓడ వచ్చినా ఏదో ఒకటి పట్టుకొచ్చేవాణ్ణి. తెగిన మోకులు, మనిషి చెయ్యంత లావువి, కొబ్బరిపీచు రంగువి, నీలంవి, నారింజవి. నీళ్ళలో పడ్డవాడికి విసిరే చక్రం, పగిలిన లైఫ్‌బాయ్, దాని మీద ఓడ పేరు మాకు చదవరాని అక్షరాల్లో. ఇత్తడి కొక్కేలు. చైనావాడి టీ డబ్బా, దాంట్లో టీ పొడి ఎప్పుడో పురుగు పట్టింది, డబ్బా మీద బొమ్మలో ఆవిడ మాత్రం అలాగే నవ్వుతోంది. మూత లేని ఫ్లాస్కు, ఫ్లాస్కు లేని మూత. ఒకదానికొకటి సరిపోవు, సరిపోయే రోజు వస్తుందని ఉంచాను. పారేద్దాం మావా అని మహేశ్వరి అడిగినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ మోకు పారేస్తే రేపు ఇల్లు కొట్టుకుపోతే దేనికి కట్టాలి అనేవాణ్ణి. తను నవ్వేది. తరవాత తరవాత అడగడం కూడా మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

ఆనందపురం ఇంటికి ఇవన్నీ పట్టుకుపోవాలనే నా ఆలోచన. వ్యాను మాట్లాడి, పైన మోకులు, కింద మంచాలు. కాని వేలు పెట్టి చూసేవాడు వెనక గది చూడకుండా పోతాడా? ఆ గది తలుపు తీస్తే వేలు అక్కర్లేదు, ముక్కు చాలు. అందుకని ముందు ఇత్తడి కొక్కేలు, తరవాత లైఫ్‌బాయ్, తరవాత టీ డబ్బా. పాత సామాన్ల బండివాడు వీధిలో నిలబడి ఒక్కొక్కటీ అందుకుంటుంటే నాకు నా పెళ్ళివిందు వేరేవాళ్ళు తిన్నట్టు ఉంది. అయినా ఇచ్చాను. ఒకణ్ణి బోల్తా కొట్టాలంటే ఆ మాత్రం ఖర్చు ఉంటుంది మరి. చివరికి గోడవార మోకుల గుట్ట మిగిలింది. పట్టి లాగాను. గుట్ట కదిలింది, గది మాయమైపోయింది. ఎదురుగా నా చెయ్యి నాకు కనపడలేదు. ఆ పొడి గుమ్మం దాటి, వరండా దాటి, వీధిలోకి పోయింది, పోతమ్మ వాకిట్లో మహేశ్వరి లేచి అవతలి వీధి దాకా నడుచుకుంటూ పోయింది. అక్కడ గోడ పట్టుకుని నిలబడి దగ్గింది. నేను మోకు కొస పట్టుకుని ఇక్కడ నిలబడ్డాను. పొడి దిగాక చూస్తే, ఆ మోకులు ఆన్చిన గోడ మా పడకగది గోడే. అవతలి వైపు తన దిండు ఉంటుంది. గోడకి నెర్రె, నెర్రె పొడుగునా నల్లటి గీత, అవతలికి పోయింది గీత. తడిగుడ్డతో నొక్కాను. సిమెంటు కలిపి పూశాను. బండివాడితో మోకులన్నీ ఎక్కించుకోమన్నాను. నీలం మోకు చిన్న ముక్క ఉంచుకుందామనుకున్నాను. ఉంచుకోలేదు.

గోపీకి పిల్లలున్నారా అని నిన్ను అడగలేదు బావా. అడిగితే చెప్తావని. తల్లి ఉండే ఉంటుంది, గోదావరి మనిషి, పచ్చటి చోటు నుంచి వచ్చిన మనిషి, ఆవిడకి ఇక్కడ వరండాలో కుర్చీ వేస్తారు. వేస్తే ఏమైంది, మా అమ్మ ఉండలేదా. మా అమ్మ కూడా దగ్గింది అనుకో. చివర్లో బాగా దగ్గింది. అప్పుడు మేం దాన్ని ముసలితనం అన్నాం. ఇవన్నీ ఇప్పుడు ఆలోచించే విషయాలు కాదు, గాలి తిరుగుతోంది, రేవు గోడ మీద జెండా కిందికి వాలింది, ఇదే అదను, రా బావా. గచ్చు మరోసారి నొక్కనా? కాళ్ళ పొడి పట్టడానికి గుమ్మంలో పరిచిన గోనెసంచి తడి ఆరిందా? ఆరితే మళ్ళీ తడిపితే వాడు ఎందుకని అడుగుతాడు. చల్లగా ఉంటుందని చెప్దాం. ఊదొత్తి వెలిగించాను, బూడిద తెల్లగా రాలుతోంది, మా ఇంట్లో రాలిన పొడుల్లో మొదటి తెల్ల పొడి ఇదే కాబోలు. కుర్చీ చేతి మీద వేలు పెట్టి లాగి చూసుకున్నాను. కొంచెం అంటింది. లుంగీకి తుడుచుకున్నాను, కుర్చీని కూడా.

బండి చప్పుడు. నువ్వే. నీ బండి సైలెన్సరు నీకంటే ముందొస్తుంది.

గోపి బక్కపల్చటి కుర్రాడు, చొక్కా జేబులో పెన్నులు, మెడలో తాడుకి ఫోను. నమస్కారమండి బాబాయ్ గారూ అన్నాడు. గోనెసంచి మీద కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చాడు. నేను అతని వేళ్ళ వంకే చూస్తున్నాను. కుడిచెయ్యి జేబులోకి పోయింది, కొలిచే టేపు తీశాడు. గుమ్మం కొలిచాడు. ఇంకొంచెం వెడల్పుంటే బాగుండేదండి అన్నాడు. బీరువా కోసం కాబోలనుకుని, పక్కకి తిప్పి తెస్తే వచ్చేస్తాది బాబూ, మేం అలాగే తెచ్చాం అన్నాను. నేల మీద మడమతో గట్టిగా తన్ని, బరువాగుతుందాండీ అన్నాడు. కూతురి పెళ్ళికి నలభైమంది ఇక్కడే నిలబడి గెంతారు బాబూ అన్నాను, నలుగురే గెంతారు. వీధిలోకి వ్యాను వెనక్కి వస్తుందా అన్నాడు. వస్తుందన్నాను. ఫ్యాను మెరుస్తోంది, అతను తల ఎత్తలేదు. అప్పన్న మెరుస్తున్నాడు, దణ్ణం పెట్టాడు గాని అద్దం చూడలేదు. తలుపు వెనక్కి పోలేదు, గడియారం ముట్టుకోలేదు. వేలు పెట్టడేంటి వీడు? ఒక్కచోట పెడితే చాలు, నా కష్టానికి ఫలం. కనపడేలా నేనే బీరువా మీద వేలు పెట్టి లాగి, చూసుకుని, మరక పడదు చూడమన్నట్టు ఆ వేలిని చొక్కా జేబు మీద రాసుకున్నాను. అతను వెనక గదికి పోయాడు. అక్కడ ఎంతో సంతోషించాడు. గోడలు నాలుగూ కొలిచి, నేను నిమ్మచెక్కతో తోమిన కిటికీ దగ్గర నిలబడి దాన్ని కూడా కొలిచాడు.

“ఇది మూసేద్దామండి,” అన్నాడు. నేను పోయి రెక్క వెయ్యబోయాను. “అది కాదండీ. ఇటికలతో.”

“ఇటికలెట్టేత్తే గాలెలాగొత్తాది బాబూ?”

“పెయింటు డబ్బాలకి గాలెందుకండీ బాబాయ్ గారూ.”

పెయింటు డబ్బాలు, బ్రష్షులు, చేతి తొడుగులు, కొత్త మోకులు. ఓడలకి సామాను వేసే వ్యాపారమట. రేవు పక్కన గొడౌను కావాలట. ఇక్కడ ఎవరూ పడుకోరట, రాత్రి తాళం వేసుకుని కూర్మన్నపాలెం పోతాడట. అమ్మగారు మీకు చెప్పలేదాండీ అన్నాడు. నేను పించను ఆఫీసుకి వెళ్ళిన రోజు వచ్చి ఇల్లంతా చూసుకున్నాడట. మహేశ్వరే దగ్గరుండి చూపించిందట, కిటికీ గట్టు గుడ్డతో తుడిచి ఆ గుడ్డ అతని చేతికే ఇచ్చిందట. మనుషులుండడానికైతే వద్దు నాయనా, సామానుకైతే తీసుకో అందట. వెనక గది సంగతి అడిగితే, అది ఖాళీ చేయించే పూచీ నాది అందట.

నేను నీ వంక చూశాను. నువ్వు ఫ్యాను వంక చూస్తున్నావు.

“ఏలెట్టి సూసే రకమన్నావు కదేటి?”

“సెల్లి సెప్పమంది, సెప్పేను బావా,” అన్నావు. అని, తెల్ల కుర్చీలో కూర్చున్నావు, ఏమీ ఎరగనివాడిలా.

శుక్రవారం పెట్టుకుందామండి అంటున్నాడు గోపి. పళ్ళెంలో టీ గ్లాసులతో మహేశ్వరి వచ్చింది, వెనకాల గోడ మీంచి పోతమ్మ తల. పడుకోలేదు, ఇద్దరూ అవతల నుంచి అంతా వింటూనే ఉన్నారు. గోపీకి ఇచ్చింది, అన్నకి ఇచ్చింది. గొడౌనుకి కిటికీ ఊచలు తోమడమెందుకే, ఫ్యాను రెక్కలు కడగడమెందుకే, నా నడుం ఎవుడిత్తాడే అన్నాను. తను ఖాళీ గది గుమ్మంలో నిలబడి లోపలికి కాసేపు చూసింది. ఆ మోకులు కూడా వ్యానెక్కితే ఆనందపురం వెళ్ళీ ఏం లాభం మావా, ఈ పొడంతా మనతోనే వత్తాది కదా అంది నెమ్మదిగా. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అన్నాను. చివరి గ్లాసు నా చేతిలో పెట్టింది.

“పారెయ్యమంటే నువ్వు పారెయ్యవు, కడగమంటే కడగవు. ఎవుడో ఒకడు మోసపోతాడంటేనే నీకు సేతులాడతాయి మావా. మోసపోయేవోణ్ణి యీదిలో యెతకడమెందుకని, ఇంట్లోనే సూసుకున్నాను.”